ఎనిమిది కిలోల లోపు

ఏమండోయ్, మిమ్మల్నే. మంచం మీద వెల్లకిలా పడుకుని, కాలు మీద కాలేసుకుని, ఇదేదో ప్రేమకథట అని పేజీ తిప్పిన మీరే. ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పండి. విశాఖపట్నంలో ఓడ ఎక్కి పోర్టుబ్లెయిరు వెళ్ళాలి. చంకలో పసిపాప ఉంది. పాపకి టికెట్టు ఎంత?

తెలీదు కదూ. తెలిసినట్టు మొహం పెట్టకండి, ఇక్కడికి కనిపిస్తోంది. పోనీలెండి, సిగ్గుపడక్కర్లేదు. చోడవరంలో చెరుకు కాటా గుమస్తా సత్యారావుకి కూడా తెలీలేదు. తెలియకపోవడం వల్లే అతనికి పెళ్ళయింది.

అవి చెరుకు ఆడే క్రషింగు రోజులు. గోవాడ పంచదార మిల్లుకి చెరుకు తోలే బళ్ళు కాటా దగ్గర పొద్దున్నే బారులు తీరేవి. సత్యారావుది కె.కోటపాడు. నాలుగేళ్ళుగా ఒకటే పని. నిండు బండి తూచాలి. చెరుకు దింపాక ఖాళీ బండి తూచాలి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, మిగిలింది రైతు పేర చీటీ మీద రాసి స్టాంపు గుద్దాలి. అతని చేతి తూకం అంటే రైతులు చీటీ చూసుకోకుండానే జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. అంత నమ్మకం.

ఆ బుధవారం కూడా తల ఎత్తకుండా రాసుకుంటూ, "తరవాత బండి" అన్నాడు.

"బండి నేదండి. మేవే ఉన్నాం."

తల ఎత్తాడు. రెండు ఎడ్లబళ్ళ మధ్య, వరసలో తన వంతు కోసం నిలబడ్డట్టు, ఆకుపచ్చ పరికిణీ మీద పసుపు ఓణీ వేసుకున్న అమ్మాయి. చంకలో పాప. పాప బొటనవేలు నోట్లో పెట్టుకుని కాటాని తనిఖీకి వచ్చిన ఆఫీసర్లా చూస్తోంది.

"ఏటండీ కావాలి?"

"తూకం."

"ఏటి తూచాలి?"

"ఈ గుంటని."

వెనక బండివాడు పకపకా నవ్వాడు. సత్యారావు నవ్వలేదు. కాటా దగ్గర అతను నవ్వడు.

"ఇది టన్నులు తూసే కాటా అండి. మీ పాప ఎక్కితే ఈగ వాలినట్టే. ముల్లు కూడా కదలదు."

"అయితే అందరూ సెప్పుకున్నంత గొప్ప కాటా కాదన్నమాట" అని ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది.

సత్యారావుని తిట్టినా పడేవాడు. కాటాని అంటే పడలేడు. కుర్చీలోంచి లేచి, "ఇలా రండి" అని పక్క షెడ్డులోకి తీసుకెళ్ళాడు. అక్కడ తలమీద మోపులు తెచ్చే చిన్న రైతుల కోసం ఒక చిన్న కాటా ఉంది. నిలబడడానికి ఇనప పలక, కడ్డీ మీద జరిపే గుండు.

"పాపని తూసి ఏటి సేస్తారు?"

"ఓడెక్కిస్తాం" అంది ఆ అమ్మాయి. పేరు కనకమహాలక్ష్మి. ఇంట్లో కనకం. "మా అక్క చిన్నమ్మిని పోర్టుబ్లెయిరులో ఇచ్చేం. బావ అక్కడ కర్ర మిల్లులో పనిసేస్తాడు. అక్క పురిటికొచ్చింది. వానాకాలం సముద్రం బాగోదని ఉండిపోయింది. వచ్చే నెల్లో ఓడుంది. మా తాతబ్బాయి మావయ్య వైజాగెల్లి కనుక్కొచ్చేడు. ఎనిమిది కిలోల లోపు పిల్లలకి ఫ్రీ అంట. ఎనిమిది దాటితే పెద్దోళ్ళ టికెట్టే అంట. వారం వారం తూయించి, స్టాంపున్న చీటీలు ఉంచమన్నాడు. ఓడ ఆఫీసోళ్ళు అడుగుతారంట."

సత్యారావు ఓడని దూరం నుంచి కూడా చూడలేదు. అతని లోకంలో చెరుకుని తూస్తారు, బెల్లాన్ని తూస్తారు, పంచదార బస్తాని తూస్తారు. పాపని తూస్తే తప్పేముంది అనిపించింది.

"సరే. పలక మీద కూర్చోబెట్టండి."

"కుదరదు. పసిగుంటని ఒక్కదాన్నీ కాటా ఎక్కిస్తే దిష్టి కొడతాదని మా అమ్మ ఒట్టేయించుకుంది."

సత్యారావు ఒక్క క్షణం ఆలోచించాడు. మొహం వెలిగింది. "అయితే బండితో సహా తూసేద్దాం. తరవాత ఖాళీ బండి తూసి, తీసేద్దాం."

"ఏ బండి?"

"మీరు."

కనకం పాపని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"నేను ఖాళీ బండినా?" అంది కనకం.

"మా కాటా లెక్కలో అండి."

"మీ ఇంట్లో వాళ్ళని కూడా ఇలగే పిలుస్తారా?"

"మా ఇంట్లో వాళ్ళు కాటా ఎక్కరు."

పళ్ళు నూరుకుంటూనే ఎక్కింది. పాపతో సహా యాభై మూడు. దిగి, పాపని అతని చేతుల్లో పెట్టి, ఒక్కతీ ఎక్కింది. నలభై ఆరు. పాప ఏడు కిలోలు. గుండు జరుపుతున్నంత సేపూ సత్యారావు ఆమె మొహం చూడలేదు. ముల్లునే చూశాడు. చూడకపోవడానికి ఎంత కష్టపడుతున్నాడో కనకం చూసింది.

ఇంతలో అతని చొక్కా ముందుభాగం వెచ్చగా తడిసింది.

"మళ్ళీ తూయాలేటండీ?" అంది కనకం చాలా వినయంగా. "సరుకు తగ్గింది కదా."

చీటీ రాస్తుంటే తొంగి చూసింది. "నా బరువు కూడా రాస్తారా?"

"ఖాళీ బండి బరువు రాయకపోతే చీటీ చెల్లదండి."

"మరయితే అంకెలెయ్యకండి. అక్షరాల్లో రాయండి. మా మావయ్యకి అంకెలొచ్చు, అక్షరాలు రావు."

నాలుగేళ్ళలో సత్యారావు అక్షరాల్లో రాసిన మొదటి తూకం చీటీ అది. కార్బను కాగితం కింద పడ్డ రెండో కాపీ ఫైల్లో పెట్టాలి. జేబులో పెట్టుకున్నాడు.

రెండో బుధవారం పాప ఏడు కిలోల మూడు వందలు. బండి నలభై ఆరు, మార్పు లేదు.

"ఎనిమిది దాటితే ఏటవుతాది?" అని అడిగాడు సత్యారావు, ఊరికే మాట కలపడానికి.

"నేను ఎల్లను."

"మీరా? మీరూ ఓడెక్కుతున్నారా?"

"అక్కకి ఓడలో తల తిరుగుతాది. పాపని ఎవరు పట్టుకుంటారు? ఇంట్లో రెండు టికెట్లకే డబ్బుంది. ఒకటి అక్కది, ఒకటి నాది. పాపకి టికెట్టు పడితే నాది పాపకి పోతాది. అక్క ఎలగో తంటాలు పడతాది." కనకం పాప జుట్టు సర్దుతూ, అతని వైపు చూడకుండా అంది. "నేనెల్లితే మరి రాను. అక్కడ మా బావ తమ్ముడున్నాడు, ఓవర్సీరు. మావయ్య నన్నిస్తానని మాటిచ్చేసేడు. మా నాన్న పోయేక ఇంట్లో ఆయన మాటే మాట."

సత్యారావు చేతిలో గుండు కడ్డీ చివరిదాకా జారి టంగుమంది.

"పాపకి ఏటి పెడతన్నారు?" అన్నాడు గుండుని వెనక్కి జరుపుతూ.

"ఏం?"

"వారానికి మూడొందలే పెరిగింది. సాలదు."

మూడో బుధవారం అకాలపు వాన. బళ్ళవాళ్ళు ఎడ్లని విప్పి షెడ్ల కింద దూరారు. కనకం పాపని తాటాకు గొడుగు కింద దాచి, తాను మాత్రం నిలువునా తడిసి వచ్చింది. షెడ్డులో చెరుకు మోపు మీద ఒక కర్పూర అరటి హస్తం పెట్టి ఉంది.

"ఇదెవరిది?"

"పాపది" అన్నాడు సత్యారావు.

"ఊరంతా నిజాయితీపరుడనే గుమస్తా సరుక్కే లంచం పెడతన్నాడేటి?"

అతను కడ్డీ తుడిచాడు. "ఇప్పుడు తూయడం కుదరదండి. మీ బట్టలు తడిసేయి. తడికి అరకిలో ఉంటాది. ఆరేదాకా కూర్చోండి."

"పాపతో ఎక్కినప్పుడూ తడే, ఒక్కదాన్నీ ఎక్కినప్పుడూ తడే. తీసేత్తే పోతాది కదా" అంది కనకం.

కాటా గుమస్తా చెవులు ఎర్రబడ్డాయి. లెక్కలో అతన్ని పట్టుకున్న మొదటి మనిషి ఆమె. ఆ సంగతికి కోపం రావాలి. రాలేదు. ఆ అమ్మాయి చీపురుపుల్లతో నేల మీద గీతలు గీస్తున్నా అలా చూస్తూ ఉండొచ్చు అనిపించింది.

"అయినా కూర్చుంటాలెండి" అని కనకం మోపు మీద కూర్చుని అరటిపండు ఒలిచింది. "నేల తడిగా ఉంది, జారతాది."

వాన గంటసేపు కురిసింది. పాప రెండు పళ్ళు తిని, మూడోది సత్యారావు జేబుకి రాసింది. వాన వెలిశాక తూచాడు. పాప ఏడు కిలోల ఆరు వందలు. బండి నలభై ఐదు.

"మీరు కిలో తగ్గేరు" అన్నాడు నెమ్మదిగా.

"అది నా పేర రాయక్కర్లేదు."

"రాయడానికి కాదండి. తిండి మానేసేరేటని."

కనకం గొడుగు అందుకుంది. పాపని భుజానేసుకుని, బురదలో పరికిణీ కుచ్చిళ్ళు పట్టుకుని వెళ్ళిపోయింది. ఇంతకాలం చెరుకు తప్ప ఏదీ పట్టించుకోని సత్యారావు, ఆ సాయంత్రం మూడు కార్బను కాపీల్నీ పక్కపక్కన పెట్టుకుని, ఆ ఒక్క కిలో ఎక్కడికి పోయిందా అని చీకటి పడేదాకా కూర్చున్నాడు.

నాలుగో బుధవారం ఆఖరి తూకం. మర్నాడే మావయ్య వైజాగు వెళ్ళి టికెట్లు కొంటాడు.

కనకం ఆవేళ నేరుగా పలక ఎక్కింది. పాపతో సహా యాభై మూడు కిలోల నాలుగు వందలు. దిగింది. పాపని అతనికిచ్చి, అటు తిరిగి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎక్కింది. నలభై ఐదు.

ఎనిమిది కిలోల నాలుగు వందలు.

సత్యారావు గుండెలో మేళం మోగింది. దాటింది. కనకం వెళ్ళదు. కలం తీశాడు.

కానీ అతని కళ్ళు గుమస్తా కళ్ళు. నిండు బండి తూచేటప్పుడు బండివాడు పైన కూర్చుని, ఖాళీ బండి తూచేటప్పుడు దిగిపోవడం అతను వందసార్లు చూశాడు. వారంలో పాప ఎనిమిది వందలు పెరగదు. కలం ఆగిపోయింది.

"ఇందాక మీ ఓణీ కొంగుకి ముడి ఉంది. ఇప్పుడు నేదు" అన్నాడు. "అందులో ఏటుంది?"

కనకం పలక దిగింది. షెడ్డు స్తంభం వెనక నుంచి ఒక చిన్న మూట తీసి, కాటా మీద పెట్టింది. బెల్లం ముక్క. సరిగ్గా అరకిలో.

"ఎందుకిలా సేసేరు?" అని అడిగేశాడు. అడిగాక అర్థమైంది. 

"ఎందుకో మీ కాటానే అడగండి" అంది కనకం. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదవుల మీద పొగరుంది. "రాయండి. ఎంతని రాస్తారో సూస్తాను."

ఎనిమిది దాటిందని రాస్తే చాలు. అడిగేవాడు లేడు. సత్యారావు చీటీ వైపు చూశాడు, పాప వైపు చూశాడు, కాటా వైపు చూశాడు. రాశాడు. ఏడు కిలోల తొమ్మిది వందలు. స్టాంపు గుద్దాడు.

చీటీ చదివి కనకం అతని వైపు అదోలా చూసింది. కోపమో, మెచ్చుకోలో అతనికి తెలియలేదు. ముల్లు లేని చోట తూకం తెలుసుకోవడం అతనికి రాదు.

బళ్ళు అయిపోగానే, ఎండ ఇంకా గోడల మీద ఉండగానే, సత్యారావు సైకిలేసుకుని కనకం వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో తల్లి అప్పయమ్మ మినపప్పు ఏరుతోంది. చిన్నమ్మి పాపకి కాటుక పెడుతోంది. నులకమంచం మీద తాతబ్బాయి మావయ్య తాను కుర్రతనంలో ఓడెక్కి రంగం, అదే రంగూను, వెళ్ళొచ్చిన కథ చెబుతున్నాడు. ఆ కథలో ప్రతి ఏడూ కెరటాలు రెండు మూరలు పెరుగుతాయి.

సైకిలు స్టాండు వేయడం మరిచిపోయి, దాన్ని అలాగే పట్టుకుని నిలబడి చెప్పాడు సత్యారావు.

"పాప ఎనిమిది దాటనేదండి. ఎనిమిదని రాసుంటే మీ అమ్మాయి ఇక్కడే ఉండిపోయేదని నాకు తెలుసు. సెయ్యి రాలేదు. అబద్ధం రాయలేక, నిజం అడగడానికి వచ్చేను. కనకాన్ని ఓడెక్కించకండి. నాకివ్వండి."

అప్పయమ్మ చేతిలో చేట ఆగింది. తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి.

మావయ్య ముందు చిన్నగా నవ్వాడు. తరవాత మంచం కిర్రుమనేలా నవ్వాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు.

"ఒరే బాబూ, ఓడలో పసిగుంటల్ని తూస్తారేట్రా? చెరుకనుకున్నావేటి? ఏడాది నిండని పిల్లలకి టికెట్టే నేదు. నెల్లాళ్ళుగా మీ అందరి సేతా ఊరికే తూయించేను. ఒసే అక్కా, నువ్వు నమ్మేసేవు. ఈ గుంట ఎండనీ వాననీ కాటాకి తిరిగింది. ఆఖరికి మిల్లు గుమస్తా కూడా నమ్మేసేడు."

సత్యారావు మొహం పాలిపోయింది. అప్పుడు తలుపు వెనక నుంచి కనకం వచ్చింది. చేతిలో మడత పెట్టిన అచ్చు కాగితం.

"ఏడాది లోపు పిల్లలకు ప్రయాణపు రుసుము లేదు" అని గట్టిగా చదివింది. "ఓడ ఆఫీసు కాగితం, మావయ్యా. బావ ఉత్తరంలో పెట్టి పంపేడు."

మావయ్య నవ్వు సగంలో ఆగింది. "ఎప్పుడొచ్చిందది?"

"నువ్వు వైజాగు నుంచి వచ్చిన మర్నాడే. ఇంట్లో ఉత్తరాలు సదివేది నేనే కదా."

"తెలిసీ నాలుగు వారాలు కాటాకి తిరిగేవా?"

"నువ్వే కదా స్టాంపున్న చీటీ తెమ్మన్నావు" అంది కనకం. అని, సత్యారావు వైపు ఒక్క చూపు చూసింది. ఈసారి ముల్లు లేకుండానే అతనికి తూకం తెలిసింది.

"మరి ఆ బెల్లం?" అన్నాడు అయోమయంగా.

"అది నేను కట్టేను" అంది అప్పయమ్మ, పప్పు ఏరుతూనే.

మావయ్య మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "అక్కా, నీకూ తెలుసా?"

"అది నాకు సదివి వినిపించింది. ఒరే తమ్ముడూ, పెద్దదాన్ని సముద్రం అవతల ఇచ్చేను. రెండోదాన్ని కూడా నన్నడక్కుండా అక్కడే ఇస్తానని మాటిచ్చేసొచ్చేవు. నీ మాట కొట్టెయ్యడం నావల్ల కాదు. నీ ఓడ రూలే దాన్ని కొట్టేస్తాదని ఊరుకున్నాను. మిల్లు స్టాంపుతో ఎనిమిదని రాసుంటే, రేపు నువ్వు అది తమాషా అని సెప్పినా ఎవరం నమ్మం అనుకున్నాం." సత్యారావు వైపు తిరిగింది. "పోయినేడు మా బండికి నలభై కిలోలు తక్కువ రాసేనని, ఆ రాత్రే సీకట్లో సైకిలేసుకుని వచ్చి సెప్పింది నువ్వే కదా బాబూ."

సత్యారావుకి గుర్తులేదు. అలాంటివి అతను చాలాసార్లు చేశాడు.

"మాకు గుర్తుంది" అంది అప్పయమ్మ. "ఆవేళ తలుపు సందులోంచి సూసినామెకి ఇంకా గుర్తుంది. ఈవేళ ఎనిమిదని రాసుంటే పిల్ల ఇంట్లో ఉండేది, నువ్వు మాత్రం మనసులోంచి పోయేవాడివి. మీ వాళ్ళని తీసుకురా. ముందు ఆ సైకిలు అక్కడెట్టు."

కనకం నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది.

"ఇంతకీ నాతో ఓడలో ఎవరొస్తారు?" అంది చిన్నమ్మి, పాపని జోకొడుతూ. కనకం టికెట్టు ఖాళీగా ఉంది. అందరూ రంగం చూసొచ్చిన మనిషి వైపు తిరిగారు.

మావయ్య కండువా సర్దుకున్నాడు. ఓడ గాలికి పడిశం చేస్తుందన్నాడు, మోకాళ్ళన్నాడు, పంచాంగం చూడాలన్నాడు. చిట్టచివరికి నేల చూపులు చూస్తూ, తాను వెళ్ళిన రంగం వైజాగు రేవులో కాఫీ హోటలు దాకానేనని ఒప్పుకున్నాడు. అయినా పెళ్ళి లేదని చెప్పాల్సిన ఓవర్సీరు పోర్టుబ్లెయిరులోనే ఉన్నాడు కదా. మాటిచ్చిన మనిషే వెళ్ళి చెప్పాలని అప్పయమ్మ తేల్చేసింది.

ఓడ రోజున కొత్త దంపతులతో సహా అందరూ రేవుకి వచ్చారు. పాపకి టికెట్టు లేదు. పాపని ఎత్తుకున్న మావయ్యకి ఫుల్ టికెట్టు. నిచ్చెన ఎక్కబోతుంటే సత్యారావు ఒక చీటీ తెచ్చి మావయ్య జేబులో పెట్టాడు. మిల్లు స్టాంపు ఉంది. అంకె ఒక్కటీ లేదు, అంతా అక్షరాలే.

"ఇదేట్రా అల్లుడూ?"

"ఓడలో ఎవరికి సూపించినా పనికొస్తాది మావయ్యా" అన్నాడు సత్యారావు. కాటా దగ్గర నవ్వని మనిషి రేవులో కూడా నవ్వలేదు. పక్కన కనకం మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నెల తరవాత చిన్నమ్మి రాయించిన ఉత్తరం వచ్చింది. మావయ్య దారిపొడుగునా ఆ చీటీ అందరికీ చూపించాడట. కెప్టెను చదివించుకుని సలాం కొట్టాడట. వంటవాడు రెండో వాయి అన్నం పెట్టాడట. మిల్లు స్టాంపుకి సముద్రం మీద ఇంత విలువ ఉంటుందని తెలీదని, చీటీకి అద్దం కట్టించుకున్నాడట. కనకం ఉత్తరం చదువుతూ చదువుతూ సత్యారావు భుజం మీద వాలిపోయి నవ్వింది.

ఆ చీటీలో ఉన్నది ఇది.

"సరుకు: పాప ఒకటి. నికర తూకం ఏడు కిలోల తొమ్మిది వందలు. బండి: తాతబ్బాయి మావయ్య ఒకటి. సరుకు దింపుకుని, ఖాళీ బండిని తిరుగు ఓడలో చోడవరం పంపవలెను."